టవర్ కింద తలనొప్పి: పొగాకు పల్లె నుంచి ఒక కేసు

మా వైపు సెల్ టవర్ అంటే జనానికి ఉన్న భయం చాలామందిని అసలు జబ్బు దాకా రానివ్వడం లేదు. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం అదే. నేను ప్రకాశం జిల్లాలో జనరల్ ఫిజీషియన్‌ని. టంగుటూరు, కొండపి, సింగరాయకొండ చుట్టుపక్కల పల్లెల నుంచే నా దగ్గరికి ఎక్కువమంది వస్తారు. పేషెంట్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను, మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆవిడకి 38 ఏళ్లు. భర్త కౌలు రైతు, ఇద్దరు పిల్లలు, అత్తగారు వీళ్లతోనే ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక వచ్చారు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, కడుపులో తిప్పడం, వాంతులు, కళ్లు తిరగడం, గుండె దడ, రాత్రి నిద్ర పట్టకపోవడం. డిసెంబర్‌లో మొదలైంది. ఇంటి వెనక ఖాళీ స్థలంలో, డాబాకి 50, 60 మీటర్ల దూరంలో కొత్త టవర్ వేశారు, అది ఆన్ అయింది కూడా డిసెంబర్‌లోనే. ఇక వేరే కారణం వెతకాల్సిన పనేముంది అన్నట్టు కూర్చున్నారు ఇద్దరూ. భర్త మొదటి మాటే, "సార్, మందులు తర్వాత రాద్దురుగానీ, టవర్ వల్లే అని ఒక సర్టిఫికెట్ ఇవ్వండి, కలెక్టరాఫీసులో పెడతాం" అన్నాడు.

వాళ్ల చేతిలో ఫైలు మందంగా ఉంది. ఊళ్లో సెలైన్లు, నొప్పి ఇంజెక్షన్లు అయ్యాయి. ఒంగోలులో ఒకచోట తలకి సీటీ స్కాన్ తీశారు, నార్మల్. నమ్మకం కుదరక నెల తిరక్కుండా నెల్లూరు వెళ్లి ఇంకోచోట మళ్లీ సీటీ తీయించుకున్నారు, అదీ నార్మల్. ఎవరో ఇంటికొచ్చి ఫోన్ల వెనక అంటించే రేడియేషన్ చిప్పులు అమ్మితే నాలుగు కొన్నారు. ఇల్లు అమ్మేసి సింగరాయకొండలో అద్దెకి పోదామని బేరం కూడా పెట్టారు. పొరుగింటి కోడలు నిండు నెలలతో ఉంది, ఈవిడ పరిస్థితి చూసి ఆ అమ్మాయి టెన్షన్‌తో పుట్టింటికి వెళ్లిపోయింది.

ఇలాంటి పేషెంట్ వస్తే మా డాక్టర్లు చాలామంది "టవర్ వల్ల ఏమీ రాదమ్మా, ఊరికే ఊహించుకుంటున్నావు" అని రెండు బీ కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపిస్తారు. అది నాకు నచ్చదు. ఆవిడకి వాంతి అయిన మాట నిజం, నాలుగు కిలోలు తగ్గిన మాట నిజం. కారణం తప్పు చెప్పినంత మాత్రాన బాధ అబద్ధం అయిపోదు.

పరీక్షలో ఏముంది

బీపీ కాస్త తక్కువ, నాడి 96. జ్వరం లేదు, మెడ బిగుసుకోవడం లేదు, కంటి వెనక నరం బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 10.2, మా వైపు ఆడవాళ్లలో రోజూ చూసేదే, దాన్ని విడిగా సరిచేయాలి గానీ ఈ వాంతులకి అది కారణం కాదు. థైరాయిడ్, షుగర్, కిడ్నీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గర్భం కాదు. పురుగు మందు అనుమానం నాకు మొదట్లోనే వచ్చింది, ఎందుకంటే పొలం పని చేసే మనిషి తల తిరుగుతోంది, వాంతులు అవుతున్నాయి అంటే మొదట చూడాల్సింది అదే. కంటిపాపలు చిన్నవి కాలేదు, నోట్లో నీళ్లు ఊరడం లేదు, కొన్ని పురుగు మందులు తగిలితే రక్తంలో తగ్గే కోలినెస్టరేజ్ కూడా నార్మల్.

అప్పుడు చేతులు చూశాను. రెండు అరచేతుల గీతల్లో, గోళ్ల పక్కన, వేళ్ల సందుల్లో నల్లటి జిగురు పట్టి ఉంది. గోరింటాకు పాతబడితే ఉండే రంగు కాదు, తారు పూసి తుడిచినట్టు. సబ్బుతో రుద్దుకునే వచ్చిందట. "అన్నం కలుపుకుంటే చేదు తగుల్తది సార్, చెంచాతో తింటన్నా" అంది. పచ్చి పొగాకు పనిలో ఉన్నవాళ్ల చేతులు ఇలాగే ఉంటాయి, ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఏం పంట వేశారని అడిగితే అసలు సంగతి వచ్చింది. మొన్నటిదాకా వీళ్లు శనగ వేసేవాళ్లు. పొగాకు రేటు బాగుందని ఈ ఏడే మొదటిసారి పొలమూ, పచ్చి ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారనూ కౌలుకి తీసుకున్నారు. కూలీ ఖర్చు తగ్గుతుందని ఈవిడే దగ్గరుండి ఆకు రెలుస్తోంది, అంటే చెట్టు నుంచి కోస్తోంది. రెలుపులు మొదలైంది డిసెంబర్‌లో. అంటే ఆ ఇంట్లోకి ఒకే నెలలో రెండు కొత్త సంగతులు వచ్చాయి. ఒకటి ఆకాశంలో ఎర్ర లైటుతో రాత్రంతా కనపడుతుంది, రెండోది అందరికీ అలవాటైన పంట. జనం చూపు దేని మీద పడుతుందో వేరే చెప్పాలా.

టవర్ తప్పు అయితే రోజూ రావాలి

వర్జీనియా పొగాకు చెట్టు మొత్తం ఒకేసారి కోయరు. అడుగు ఆకు నుంచి పండిన కొద్దీ రెండు మూడు ఆకుల చొప్పున, వారానికి అటూ ఇటూ ఒకసారి రెలుస్తూ పోతారు. రెలిచిన ఆకు అదే రోజు కర్రలకు కట్టి బ్యారన్‌లోకి ఎక్కించాలి. అందుకని చీకటితోనే దిగుతారు. తెల్లవారుజామున ఆ ఆకు మీద మంచు ఎలా ఉంటుందంటే, అరగంటలో రవికె చేతులు, చీర కుచ్చిళ్లు పిండితే నీళ్లు కారేట్టు తడిసిపోతాయి. ఆకుల కట్టని చంకలో ఇరికించుకుని సాలు చివరిదాకా మోస్తారు. ఆ తడి బట్టలు ఒంటి మీదే మధ్యాహ్నానికి ఆరతాయి.

నికోటిన్ నీళ్లలో కరిగే పదార్థం. పచ్చి ఆకు మీద మంచులోకి, చెమటలోకి దిగి చర్మం గుండా రక్తంలోకి వెళ్లిపోతుంది. పని మొదలైన కొన్ని గంటల తర్వాత తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు, కడుపునొప్పి, చెమట, దడ, నిద్రలేమి వస్తాయి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. మళ్లీ ఆకులోకి దిగితే మళ్లీ వస్తుంది. దీన్ని గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అంటారు. 1970లోనే అమెరికాలో ఫ్లోరిడా పొగాకు కూలీల్లో దీని గురించి రాశారు. మన దేశంలో అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్లు గుజరాత్ పొగాకు కూలీల మీద పరిశోధన చేశారు. ఇంత పొగాకు పండే మన జిల్లాలో మాత్రం దీని పేరు విన్న డాక్టర్లు తక్కువ.

ఆవిడకి నేను ఇచ్చిన మొదటి మందు ఒక క్యాలెండర్. తలనొప్పి వచ్చిన రోజు, వాంతి అయిన రోజు, నిద్ర లేని రాత్రి ఆవిడ పెన్నుతో గీత పెట్టాలి. ఆకు పని రోజులు మాత్రం భర్త వేరే క్యాలెండర్‌లో రాయాలి, ఇద్దరూ ఒకరిది ఒకరు చూసుకోకూడదు. రెండూ తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టినప్పుడు నేను నోరు విప్పాల్సిన పని లేకపోయింది. గీతలన్నీ రెలుపు రోజు సాయంత్రం మొదలై మర్నాటితోనో ఆ పైరోజుతోనో ఆగిపోతున్నాయి, మళ్లీ రెలుపు దాకా ఖాళీ. టవర్ ఇరవై నాలుగు గంటలూ ఒకేచోట ఉంటుంది, దానికి వారానికోసారి పని చేయడం ఎలా తెలుస్తుంది?

ఇంకో సంగతి కూడా అందులోనే దొరికింది. మధ్యలో ఒక రోజు టవర్ ఏదో రిపేరుతో పూర్తిగా ఆగిపోయింది, సిగ్నల్ లేదని ఊరంతా గోల. ఆ రోజు వీళ్ల పొలంలో రెలుపు. ఆ రాత్రే ఆవిడకి అన్నిటికన్నా ఎక్కువ వాంతులు అయ్యాయి. భర్త ఆ తేదీ మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

వాళ్లు టవర్‌కి సాక్ష్యంగా చెప్పినవన్నీ తర్వాత తిరగబడ్డాయి. పుట్టింటికి వెళ్తే తగ్గిపోయేదట. నిజమే, అక్కడ ఆకు పని లేదు. మరి భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఎక్కడున్నావమ్మా అంటే ఇంట్లోనే, అదే టవర్ కింద. తలనొప్పి వచ్చిందా అంటే రాలేదు, పండగకి కూలీలు రారని పని ఆపేశారు. మరి భర్తకి ఎందుకు రాలేదు, అతనూ ఆకు ముట్టుకుంటున్నాడుగా? అతను ఇరవై ఏళ్లుగా చుట్ట కాలుస్తాడు, అతని ఒంటికి నికోటిన్ అలవాటే. చుట్టా, బీడీ, ఖైనీ ఏదీ అలవాటు లేని వాళ్లకే ఈ జబ్బు ఎక్కువ వస్తుంది. దీన్ని చూసి ఎవరూ చుట్ట మంచిదనుకోవద్దు, అతని ఊపిరితిత్తుల పరీక్ష సంగతి వేరే రాయాలి. ఇంట్లో అత్తగారికి మాత్రం సగం తెలుసు. కన్నవారింట్లో చిన్నప్పుడు పొగాకు పనికి వెళ్లిన మనిషి. "ఆకులో దిగితే తల తిరగతదయ్యా, కొత్తోళ్లకి అట్టాగే ఉంటది, మేం పడలా" అంది. ఎవరూ అడగలేదు గనక ఆమె చెప్పలేదు.

మూత్రంలో కోటినైన్ పరీక్ష రెండుసార్లు చేయించాను. నికోటిన్ ఒంట్లో మారితే వచ్చేది కోటినైన్, నికోటిన్ కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. ఒకటి రెలుపు మర్నాడు ఉదయం, ఇంకోటి ఆకు ముట్టని వారం తర్వాత. భర్త చుట్ట పొగ వల్ల ఇంట్లో ఉండే కొద్దిపాటిది రెండో దాంట్లో ఉంది. మొదటిది దాంతో పోలికే లేదు, పొగాకు వాడే మనిషి రిపోర్టులా ఉంది. ఆవిడ జన్మలో పొగాకు నోట పెట్టి ఎరగదు.

అయితే టవర్ సంగతేంటి

ఇంత చెప్పాక కూడా భర్త ఒక మాట అడిగాడు, న్యాయమైన మాట. "సార్, ఆకు వల్లే అనుకుందాం, మరి టవర్ వల్ల ఏమీ కాదని మీరు రాసిస్తారా?" దీనికి నాకు తెలిసినంత వివరంగా చెప్పాను, ఇక్కడా అదే చెప్తాను.

రేడియేషన్ అన్న ఒక్క మాట కింద చాలా రకాలు ఉన్నాయి. ఎక్స్‌రే, గామా కిరణాలకి మన కణాల్లో అణువుల్ని విడగొట్టే బలం ఉంది, క్యాన్సర్ భయం ఉన్నది వాటితో. టవర్, ఫోన్, వైఫై వాడే తరంగాలకి ఆ బలం లేదు. ఒక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టాలంటే సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, టవర్లు వాడే 1800 మెగాహెర్ట్జ్ తరంగంలో ఒక్కో ఫోటాన్‌కి, అంటే ఒక్కో శక్తి పొట్లానికి, ఉండేది అందులో పది లక్షల వంతు కూడా కాదు. ఈ తరంగాలు చేయగలిగిందని గట్టిగా రుజువైన పని వేడి పుట్టించడం. అందుకే పరిమితులన్నీ ఆ వేడి రాకుండా, దానికి చాలా దూరంలో పెట్టారు. మన టెలికాం శాఖ 2012 సెప్టెంబర్ నుంచి అంతర్జాతీయ పరిమితిని ఇంకా పదో వంతుకి తగ్గించింది. 1800 మెగాహెర్ట్జ్ దగ్గర అంతర్జాతీయ పరిమితి చదరపు మీటరుకి 9 వాట్లయితే, మన దగ్గర 0.9 అన్నమాట.

దూరం పెరిగే కొద్దీ దీని బలం వేగంగా పడిపోతుంది, రెండింతల దూరం వెళ్తే నాలుగో వంతే మిగులుతుంది. పైగా యాంటెన్నా తన కిరణాన్ని కిందికి పోయదు, అడ్డంగా దూరానికి పంపిస్తుంది. దీపం కింద చీకటి అన్నట్టు, టవర్ మొదట్లో నిలబడిన వాడికి తగిలేది తక్కువ.

మాటలతో నమ్మమని నేను అనలేదు. టెలికాం శాఖ 2017లో తరంగ్ సంచార్ అనే పోర్టల్ తెచ్చింది, మీ ఇంటి దగ్గరి టవర్ పరిమితిలో ఉందో లేదో అందులో చూసుకోవచ్చు, ఫీజు కట్టి మనుషుల్ని పిలిపించి కొలిపించుకోవచ్చు. వీళ్లు కొలిపించారు. డాబా మీద, పడకగదిలో, పిల్లలు చదువుకునే వరండాలో. ఎక్కడా పరిమితిలో వందో వంతు కూడా రాలేదు. ఇల్లు అమ్మే బేరం ఆగింది ఆ కాగితంతోనే. పొరుగింటి అమ్మాయికీ ఆ కాగితమే చూపించారు.

క్యాన్సర్ మాటకొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2011లో ఈ తరంగాలని 2బీ వర్గంలో పెట్టింది. 'క్యాన్సర్‌కి కారణం అయ్యే అవకాశం ఉండొచ్చు, రుజువు మాత్రం పరిమితం' అనే వర్గం అది. వాట్సాప్‌లో తిరిగే మెసేజీల్లో మొదటి సగమే ఉంటుంది. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థే చేయించిన సమీక్ష 2024లో వచ్చింది, అందులో 63 పరిశోధనలని కలిపి చూస్తే ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనపడలేదు. పరిశోధన ఆగకూడదని నేనూ అంటాను, చిన్నపిల్లల విషయంలో మరీను. కానీ ఈ రోజు చేతిలో ఉన్న సాక్ష్యంతో ఒక కుటుంబాన్ని ఇల్లు అమ్ముకోమని చెప్పలేం.

ఈ తరంగాల వల్ల తలనొప్పి వస్తుందని నమ్మేవాళ్ల మీద కూడా పరీక్షలు జరిగాయి. సిగ్నల్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో పేషెంట్‌కి, కొన్నిట్లో పరీక్ష చేసేవాళ్లకి కూడా తెలియకుండా చేస్తారు. 2005లో అలాంటి 31 ప్రయోగాలని, 725 మందిని కలిపి చూసిన సమీక్షలో, ఆన్‌లో ఉన్నప్పుడు వాళ్లు నికరంగా గుర్తుపట్టగలరనడానికి గట్టి ఆధారం దొరకలేదు. అయితే ఉత్తుత్తి సిగ్నల్‌కి కూడా వాళ్లకి తలనొప్పి వచ్చింది, నిజమైన తలనొప్పి. భయం ఒంట్లో చేసే పని అది. మా పేషెంట్‌లో కూడా కొంచెం ఇది ఉంది. వాంతులు పూర్తిగా తగ్గాక కూడా కొన్ని వారాలు రాత్రి లేచి టవర్ మీద ఎర్ర లైటు చూస్తే దడ వచ్చేది. దానికి మందు రాయలేదు, మంచం ఇటు పక్క గదిలోకి మార్చుకోమన్నాను, కొలత కాగితం మళ్లీ మళ్లీ చదివించాను, నెమ్మదిగా పోయింది.

టవర్ వల్ల నిద్ర పోయిందన్న మాటలో మాత్రం నిజం ఉంది. కరెంటు పోయినప్పుడల్లా దాని డీజిల్ జనరేటర్ మోత, పొగ నేరుగా వీళ్ల కిటికీలోకి వచ్చేది. ఆ ఫిర్యాదు సరైనది, దానికి నేనే లెటర్ రాసిచ్చాను. పొగ గొట్టం అటు తిప్పారు, మోత ఇంకా ఉంది.

చెప్పక తప్పని సంగతి ఇంకోటుంది. ఈ కేసు మొత్తంలో ఆవిడ ఒంటికి తగిలిన బలమైన రేడియేషన్ ఏదంటే, భయపడి తీయించుకున్న ఆ రెండు సీటీ స్కాన్‌లు. రేడియేషన్ మోతాదుని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు, తలకి ఒక సీటీ అంటే సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు. భూమి నుంచి, ఆకాశం నుంచి ప్రతి మనిషికీ ఏడాది మొత్తంలో సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4. ఒక స్కాన్‌తో ఏదో అయిపోతుందని కాదు, తలకి దెబ్బ తగిలినా, పక్షవాతం అనుమానం ఉన్నా నిమిషం ఆలోచించకుండా తీయాల్సిందే. అయితే నెల తిరక్కుండా రెండోది తీసే ముందు మొదటి ఫిల్మ్ చూడాలి. ఎండ కూడా విద్యుదయస్కాంత తరంగమే. మా తీరంలో ఉప్పు కొటార్లలో, పడవల మీద పని చేసేవాళ్ల కంటి తెల్లగుడ్డు మీద పెరిగే కండకి ముఖ్య కారణం ఎండలోని అతినీలలోహిత కిరణాలే, కళ్లద్దాలు లేకుండా వెల్డింగ్ చేసే కుర్రాళ్ల కళ్లు రాత్రికి మండిపోయేదీ వాటి వల్లే. వాటికి ఎవరూ ధర్నా చేయరు.

చేసింది, మిగిలింది

మంచు ఆరాక పొలంలోకి దిగడం, మోచేతుల దాకా వచ్చే నైట్రైల్ గ్లౌజులు, చీర మీద పొడుగు చేతుల రెయిన్ కోటు, ఆకు కట్ట చంకలో పెట్టుకోకుండా గోనె పట్టాలో మోయడం, పని కాగానే బట్టలు మార్చి సబ్బుతో స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం. వాంతులు ఎక్కువైతే ఓఆర్ఎస్, వాంతి మాత్ర. ఇంతే వైద్యం. ఐరన్ మాత్రలు కూడా ఇచ్చాను. గ్లౌజులతో చేతివేగం తగ్గుతుందని, జిగురుకి వేళ్లు అంటుకుపోతున్నాయని మొదటి రోజే విసిగిపోయింది. కొంచెం వదులు సైజు తెచ్చి, గంటకోసారి మార్చమంటే సర్దుకుంది. ఆ తర్వాత రెలుపుల్లో ఒక్కసారే తల తిరిగింది, అది వాన పడ్డ రోజు, కోటు లేకుండా దిగినప్పుడు. సీజన్ అయ్యేసరికి తగ్గిన బరువు తిరిగి వచ్చింది.

ఇది సొంత సేద్యం చేసుకునే మనిషి సంగతి, కాబట్టి పని రెండు గంటలు ఆలస్యంగా మొదలుపెట్టగలిగింది. వాళ్ల పొలానికి వచ్చే కూలీ ఆడవాళ్లని కూడా పిలిపించి అడిగాను. తలనొప్పి, వాంతులు చాలామందికి ఉన్నాయి. ఎండెక్కాక దిగమంటే ఇంకో పొలం పోతుందంటారు, ఆ కూలి వాళ్లకి ఎవరిస్తారు? గ్లౌజులు వాళ్ల డబ్బుతో కొనమనడం అన్యాయం. ఇక్కడ ప్రతి బ్యారన్‌కీ పొగాకు బోర్డు లైసెన్సు ఉంటుంది, రైతుకి ఎరువులు బోర్డు ద్వారా వస్తాయి. ఆ ఎరువుల లిస్టులోనే బ్యారన్‌కి ఇన్ని జతలని గ్లౌజులు, కోట్లు చేర్చమని వేలం కేంద్రంలో రైతుల చేత అర్జీ పెట్టించాను, ఇంకా జవాబు రాలేదు. ఈలోగా డిసెంబర్ నుంచి మార్చి దాకా ఈ ఊళ్ల నుంచి తలనొప్పి, వాంతులతో ఎవరొచ్చినా తోటి డాక్టర్లు స్కాన్ రాసే ముందు ఒకసారి అరచేతులు తిప్పి చూడండి, చివరిసారి ఆకు ఎప్పుడు రెలిచారో అడగండి.